స్కూటర్ మిస్సవుతూ ఢాం ఢాం అంటోందా? విప్పే ముందు వినండి

“అన్నా, బండి మిస్సింగ్ వస్తోంది” అంటే చాలు, హన్మకొండలోనైనా కాజీపేటలోనైనా మెకానిక్ షెడ్డులో మొదట వినిపించే జవాబు “కార్బొరేటర్ గలీజయింది, క్లీన్ చేయాలె” అనే. కార్బొరేటర్ అంటే పెట్రోల్, గాలి కలిపే భాగం. కొన్నిసార్లు ఆ మాట నిజమే. కానీ ప్లగ్గు క్యాపు వదులైనా, పెట్రోల్ ట్యాంక్ మూత గాలి పీల్చకపోయినా, ఇన్‌టేక్ రబ్బరు పగిలినా బండి అచ్చం అలాగే ఎగిరెగిరి పడుతుంది. కార్బొరేటర్ విప్పి కడిగి బిగించే హడావిడిలో ఆ క్యాపు కదిలి సరిగ్గా కూర్చుంటే, పేరు కార్బొరేటర్‌కు వస్తుంది. వారం తిరిగేసరికి పాత కథే మొదలవుతుంది.

కాబట్టి చెప్పే పద్ధతి ఒకటే. శబ్దం ఎక్కడి నుంచి వస్తోంది, ఏ సమయంలో వస్తోంది అన్నది ముందు తేల్చుకోవాలి. తర్వాత ఖర్చు లేని పనులతో మొదలుపెట్టి, ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడాలి. ప్లగ్గు, ఫిల్టర్, కాయిల్ (ప్లగ్గుకు నిప్పు కరెంటు ఇచ్చేది) మూడూ ఒకేసారి మారిస్తే బండి బాగుపడొచ్చు గానీ, తప్పు దేనిదో తెలియదు.

ఇక్కడ చెప్పేదంతా యాక్టివా, జూపిటర్, యాక్సెస్ లాంటి ఫోర్ స్ట్రోక్ గేర్‌లెస్ బండ్ల గురించి. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 నిబంధనలు వచ్చాక అమ్మిన ఈ తరహా బండ్లలో ఫ్యూయల్ ఇంజెక్షన్ (కంప్యూటర్ లెక్కన పెట్రోల్ చిమ్మే పద్ధతి) ఉంటుంది. అంతకు ముందువి దాదాపు అన్నీ కార్బొరేటర్ బండ్లు. మీది ఏదో ఆర్‌సీలో తయారీ సంవత్సరం చూసుకోండి.

శబ్దం ఎటు నుంచి, ఎప్పుడు

ఇంజిన్‌లోకి పెట్రోల్ ఆవిరి, గాలి కలిసి వెళ్లాలి. బరువు లెక్కన పెట్రోల్ ఒక వంతైతే గాలి సుమారు 14.7 వంతులు. దాన్ని పిస్టన్ నొక్కాలి, సరైన క్షణంలో ప్లగ్గు నిప్పు వేయాలి. నిప్పు పడని ప్రతిసారీ బండి ఒక అడుగు తడబడుతుంది. అదే మిస్సింగ్. అప్పుడు కాలని మిశ్రమం సైలెన్సర్‌లోకి పోతుంది. తర్వాతి నిప్పు సరిగ్గా పడితే వేడి మంట అక్కడికి చేరి, అక్కడున్నదంతా ఒక్కసారిగా అంటుకుంటుంది. వెనక నుంచి వచ్చే ఢాం అదే.

సీటు కింద నుంచి, ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి “టఫ్” మని దగ్గినట్టు వచ్చేది వేరే శబ్దం. మంట వెనక్కి, లోపలికి గాలి వచ్చే దారిలోకి తన్నింది అని దాని అర్థం. ఎక్కువగా పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువైనప్పుడు, లేదా ఇన్‌లెట్ వాల్వ్ (మిశ్రమాన్ని ఇంజిన్‌లోకి వదిలే తలుపు) సరిగ్గా మూసుకోనప్పుడు ఇలా జరుగుతుంది. జనం రెండింటినీ కలిపి “బ్యాక్‌ఫైర్” అంటారు గానీ, రిపేరుకు వెళ్లే దారులు వేరు. ఎవరినైనా బండి పక్కన నిలబెట్టి, మీరు రేస్ ఇస్తూ శబ్దం ఎటు నుంచి వస్తోందో అడగండి. వాళ్ల ముఖం సైలెన్సర్‌కు దగ్గరగా ఉండకూడదు.

ఇక “ఎప్పుడు” అన్నదానికి ఈ ప్రశ్నలు వేసుకోండి.

రేస్ వదిలి వాలులో దిగేటప్పుడు మాత్రమే సైలెన్సర్‌లో చిన్నగా పట్ పట్ అంటోందా? అది సైలెన్సర్ దగ్గర గాలి లీకు, లేదా స్లో రన్నింగ్‌లో పెట్రోల్ తక్కువ.

స్లోలో బాగుండి, ఫుల్ రేస్‌లో గుంజకుండా తడబడుతోందా? పెట్రోల్ చాలినంత రావడం లేదు, లేకపోతే నిప్పు బలహీనంగా ఉంది.

గుంతలో పడ్డప్పుడో, హ్యాండిల్ తిప్పినప్పుడో క్షణం ఆగి ఢాం అంటోందా? వైరు, స్విచ్చు. వంద శాతం అనను గానీ, ముందు అక్కడే వెతకండి.

చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, వేడెక్కాక మిస్సవుతోందా? కాయిల్, పల్సర్ కాయిల్ (నిప్పు ఎప్పుడు వేయాలో సిగ్నల్ ఇచ్చేది), టైట్ అయిన ట్యాపెట్ (వాల్వ్‌ను నొక్కి తెరిచే భాగం), లేదా ట్యాంక్ మూత.

బంకులో పెట్రోల్ పోయించాక మొదలైందా, వాన పడ్డాక మొదలైందా, నెల రోజులు పక్కన పెట్టి తీశాక మొదలైందా? జవాబు ప్రశ్నలోనే ఉంది.

పానా పట్టకముందు చేసే పనులు

ట్యాంక్ మూతకు చిన్న గాలి దారి ఉంటుంది. పెట్రోల్ తగ్గే కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. దుమ్ము, మైనం లాంటి మురికి పట్టి అది మూసుకుపోతే ట్యాంక్‌లో వ్యాక్యూమ్ ఏర్పడి పెట్రోల్ దిగదు. కొన్ని కిలోమీటర్లు బాగా వెళ్లి, తడబడి ఆగి, కాసేపటికి మళ్లీ స్టార్ట్ అయ్యే బండ్లలో ఇది మామూలే. బండి మిస్సవుతున్న ఆ క్షణంలోనే పక్కకు ఆపి మూత తెరవండి. “స్స్” మని గాలి లోపలికి పోయి, వెంటనే స్టార్ట్ అయి మామూలుగా నడిస్తే మూతే దోషి. మూత తెరిచినా వెంటనే అందుకోకుండా, ఇరవై నిమిషాలు చల్లారాకే నడిస్తే కాయిల్ మీద అనుమానం పెట్టుకోండి. ఈ తేడా ఒక్కటి తెలిస్తే అనవసరంగా కాయిల్ కొనే పని తప్పుతుంది.

తర్వాత పెట్రోల్. మేడారం జాతర దారిలోనో, భూపాలపల్లి వైపు పల్లెల్లోనో కిరాణా కొట్టు ముందు వాటర్ బాటిళ్లలో పెట్టిన పెట్రోల్ పోయించారా? అందులో ఏం కలిసిందో అమ్మినవాళ్లకూ తెలియకపోవచ్చు. బంకులో అనుమానం వస్తే ఫిల్టర్ పేపర్ పరీక్ష అడగడం మీ హక్కు. కాగితం మీద చుక్క వేస్తే మంచి పెట్రోల్ కొద్ది నిమిషాల్లో మరక లేకుండా ఎగిరిపోతుంది. కిరోసిన్ లాంటిది కలిస్తే జిడ్డు మరక మిగులుతుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీళ్లు ఒక హద్దు దాటితే ఆ నీళ్లు, ఇథనాల్ కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి. ఇంజిన్‌కు ముందు అందేది ఆ అడుగుదే. పైగా ఇథనాల్ కాలడానికి పెట్రోల్ కంటే తక్కువ గాలి చాలు కాబట్టి, పాత కార్బొరేటర్ బండిలో మిశ్రమం కొంచెం పలచబడుతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోల్ ఉండదు. ఇప్పటికే అంచు మీద ఉన్న బండి మిస్సవడం మొదలెడుతుంది. దీనికి ఇథనాల్‌ను తిట్టుకుంటూ కూర్చోవడం కంటే, ఏళ్లనాటి పెట్రోల్ పైపు ఉబ్బిందా, పగిలిందా చూసి మార్చడం మేలు.

ఇక సైడ్ స్టాండ్. స్టాండ్ వేసి ఉంటే ఇంజిన్ ఆగిపోయే స్విచ్చు కొత్త బండ్లలో ఉంటుంది. అందులో బురద చేరినా, స్టాండ్ స్ప్రింగ్ సాగి స్టాండ్ కిందికి ఊగినా, గుంతలో పడ్డ ప్రతిసారీ క్షణం సేపు నిప్పు ఆగుతుంది. బండి సెంటర్ స్టాండ్ మీద పెట్టి, స్టార్ట్ చేసి, సైడ్ స్టాండ్‌ను చేత్తో అటూ ఇటూ కొద్దిగా ఊపండి. తర్వాత హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి, తాళం చెవిని మెల్లగా కదపండి. వీటిలో ఏ పనికి ఇంజిన్ తడబడితే దాని వైరు దగ్గరే వెతకాలి. సెంటర్ స్టాండ్ మీద వెనక చక్రం తిరుగుతూ ఉంటుంది. చున్నీ, చీర కొంగు, పిల్లల చేతులు దూరంగా ఉంచండి.

ప్లగ్గు చెప్పే కథ

టూల్ కిట్‌లో ప్లగ్ పానా ఉంటుంది. లేకపోతే చాలా స్కూటర్ ప్లగ్గులకు 16 మిల్లీమీటర్ల ప్లగ్ పానా సరిపోతుంది. ఇంజిన్ చల్లారాకే విప్పండి. హెడ్ (సిలిండర్ పై భాగం) అల్యూమినియంది, వేడి మీద బలవంతం చేస్తే మర పోతుంది. ముందు ప్లగ్గు చుట్టూ ఉన్న దుమ్మును ఊది తీసేయండి. లేకపోతే అది నేరుగా సిలిండర్‌లో పడుతుంది.

మంచి సమాచారం కావాలంటే చూసే పద్ధతి ముఖ్యం. స్టార్ట్ చేసి రెండు నిమిషాలు స్లోలో ఉంచి ఆపిన బండి ప్లగ్గు కొంచెం నల్లగా ఉండటం సహజం. అది చూసి కంగారు పడొద్దు. ఏ సమయంలో మిస్సవుతోందో ఆ తీరులోనే కొంత దూరం నడిపి, అక్కడే ఇంజిన్ ఆపి, చల్లారాక విప్పండి.

కొనలో తెల్లటి పింగాణీ లేత ఇటుక రంగులోనో, కాఫీ పొడి రంగులోనో ఉంటే మిశ్రమం సరిగ్గా ఉన్నట్టు. అప్పుడు కార్బొరేటర్ జోలికి పోకుండా వైర్లు, కాయిల్, ట్యాపెట్ వైపు వెళ్లండి.

పొడి మసి, వేలికి అంటితే కాటుకలా ఉంటే పెట్రోల్ ఎక్కువ అవుతోంది లేదా నిప్పు చాలడం లేదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం, ఆటో చోక్ (చల్లటి ఇంజిన్‌కు ఎక్కువ పెట్రోల్ ఇచ్చేది) విడవకపోవడం, ఫ్లోట్ నీడిల్ (కార్బొరేటర్‌లోకి వచ్చే పెట్రోల్‌ను ఆపే సూది) అరిగి పెట్రోల్ పొంగడం దీనికి కారణాలు.

తెల్లగా సున్నం కొట్టినట్టు, అంచులు కాలినట్టు ఉంటే పెట్రోల్ తక్కువ, వేడి ఎక్కువ. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఎండాకాలం 43, 44 డిగ్రీల్లో ఇద్దరిని ఎక్కించుకుని జాతీయ రహదారి మీద జనగామ దాకా ఫుల్ రేస్‌లో వెళ్తే పిస్టన్‌కే ప్రమాదం.

తడిగా, జిడ్డుగా, ఇంజిన్ ఆయిల్ వాసన వస్తే రింగులో, వాల్వ్ సీళ్లో పోయాయి. ప్లగ్గు ఎన్నిసార్లు మార్చినా అది మళ్లీ నల్లబడుతుంది. ఉదయం స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తుంటే సాక్ష్యం దొరికినట్టే.

పాత ప్లగ్గును ఎమరీ పేపర్‌తో రుద్ది పెట్టే అలవాటు మన దగ్గర బాగా ఉంది. ఇంటికి చేరడానికి పనికొస్తుంది, అంతే. పింగాణీలో సన్నటి పగులు ఉంటే రుద్దినా లాభం లేదు. నిప్పు కొనకు చేరకుండా ఆ పగులు నుంచే పారిపోతుంది. ప్లగ్గు కొనల మధ్య గ్యాప్ ఎంత ఉండాలన్నది బండి పుస్తకంలో ఉంటుంది. మోడల్‌ను బట్టి 0.6 నుంచి 0.9 మిల్లీమీటర్ల మధ్య ఉండటం మామూలు. ఫీలర్ గేజ్‌తో (కొలత రాసిన సన్న రేకులతో) కొలవండి, కంటితో కాదు. కొత్తది కొంటే పుస్తకంలో రాసిన నంబరే కొనండి. కొట్టువాడు “ఇది కూడా పడ్తది” అన్నా మర పొడవు, హీట్ నంబరు (ప్లగ్గు వేడిని ఎంత త్వరగా వదులుతుందో చెప్పేది) వేరైతే తీసుకోవద్దు.

బిగించేటప్పుడు మొదట వేళ్లతోనే చివరిదాకా తిప్పండి. వేళ్లకు తిరగకపోతే వంకరగా ఎక్కుతోందన్నమాట, తీసి మళ్లీ పెట్టండి. వాషర్ ఆనాక కొత్త ప్లగ్గైతే పానాతో సుమారు సగం చుట్టు, పాతదైతే కాస్త బిగువు. అంతకు మించితే హెడ్‌కు బుష్ వేయించే ఖర్చు మీదే.

నిప్పు ఉందా, ఎలాంటి నిప్పు

విప్పిన ప్లగ్గును క్యాపులో పెట్టి, దాని మర భాగాన్ని ఇంజిన్ మీద పెయింట్ లేని లోహానికి గట్టిగా ఆనించి సెల్ఫ్ కొట్టి చూడాలి. ఇందులో రెండు జాగ్రత్తలు. ప్లగ్గు రంధ్రం నుంచి పెట్రోల్ ఆవిరి వస్తుంది కాబట్టి దానికి దూరంగా ఆనించండి, రంధ్రం మీద గుడ్డ వేయండి. ప్లగ్గును లోహానికి ఆనించకుండా గాల్లో ఉంచి సెల్ఫ్ కొట్టొద్దు. ఆ కరెంటుకు దారి లేక కాయిల్, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) పోవచ్చు. ఇంజెక్షన్ బండిలో ఈ పరీక్షను మెకానిక్‌కు వదిలేయడమే నా సలహా.

నీలంగా, టక్ టక్ మని శబ్దంతో పడితే మంచి నిప్పు. పసుపు, నారింజ రంగులో సన్నగా పడితే బలహీనం. అప్పుడు క్యాపు తిప్పి తీసి, వైరు చివర పావు అంగుళం కత్తిరించి మళ్లీ ఎక్కించండి. చాలా బండ్లలో క్యాపు వైరుకు మరలాగా ఎక్కుతుంది. వానల్లో లోపల పచ్చటి తుప్పు పట్టి ఉంటుంది, ఈ చిన్న పనితోనే కొన్ని బండ్లు బాగవుతాయి. చీకటి పడ్డాక బండి స్టార్ట్ చేసి ప్లగ్గు వైరు వైపు చూస్తే, ఎక్కడైనా లీకు ఉంటే నీలం మెరుపులు కనిపిస్తాయి. వైరును చేత్తో ముట్టొద్దు, షాక్ గట్టిగానే ఉంటుంది.

వేడెక్కాక ఆగే బండికి ఈ పరీక్షను ఆగిపోయిన ఆ నిమిషంలోనే చేయాలి. షెడ్డుకు నెట్టుకెళ్లేసరికి కాయిల్ చల్లారి మంచి నిప్పు ఇస్తుంది, మెకానిక్ “బాగానే ఉంది కదన్నా” అంటాడు. ఇద్దరిదీ తప్పు కాదు.

గాలి లీకులు

కార్బొరేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య రబ్బరు గొట్టం ఉంటుంది. మన ఎండలకు అది కొన్నేళ్లలో గట్టిపడి, అడుగు వైపు పగులుతుంది. పై నుంచి చూస్తే కొత్తదానిలా ఉంటుంది. బండి స్లోలో నడుస్తుండగా సీటు కింద డిక్కీ తీసి, ఆ రబ్బరు చుట్టూ స్ప్రే బాటిల్‌తో కొద్దిగా నీళ్లు చిమ్మండి. ఇంజిన్ శబ్దం మారితే, ఆగబోయినట్టు అయితే నీళ్లు లోపలికి పోతున్నాయి, అంటే లీకు ఉంది. కొందరు పెట్రోల్ చిమ్మి చూస్తారు. వేడి ఇంజిన్ మీద అది నిప్పుతో ఆట, చేయొద్దు. బిగింపు క్లిప్పులు కూడా చూడండి, స్క్రూ సగం చుట్టు వదులైనా చాలు.

వెనక వైపు లీకు సైలెన్సర్ బెండు హెడ్‌కు కలిసేచోట. అక్కడి గాస్కెట్ (జాయింట్ మధ్య సీలు) నలిగితే బయటి గాలి లోపలికి పోయి, రేస్ వదిలినప్పుడు మిగిలిన పెట్రోల్ దాంతో కలిసి పట్ పట్ మంటుంది. జాయింట్ చుట్టూ నల్లటి మసి గీతలు కనిపిస్తే అదే గుర్తు. బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, తడి గుడ్డను ఒక్క క్షణం సైలెన్సర్ చివర అడ్డం పెడితే, లీకు ఉన్నచోట బుస్ మని వినిపిస్తుంది. గాస్కెట్ చవకే. కానీ తుప్పు పట్టిన నట్టును బలంగా తిప్పితే స్టడ్ విరిగి హెడ్‌లో ఉండిపోతుంది. నట్టు మొరాయిస్తే ఆపి, షెడ్డుకు వెళ్లండి.

చాలా బండ్లలో పొగను శుభ్రం చేయడానికి ఎయిర్ ఫిల్టర్ నుంచి హెడ్‌కు సన్నటి గాలి పైపు, మధ్యలో ఒక వాల్వ్ ఉంటాయి. రేస్ వదిలినప్పుడు ఆ వాల్వ్ గాలిని ఆపాలి. దాని డయాఫ్రమ్ (పల్చటి రబ్బరు పొర) పోయినా, దానికి వెళ్లే సన్న వ్యాక్యూమ్ పైపు ఊడినా వాలులో టపాసులు మోగుతాయి. ఆ పైపును పూర్తిగా మూసేస్తే శబ్దం ఆగుతుందని కొందరు మేకు కొట్టి వదిలేస్తారు. పొల్యూషన్ చెక్‌లో ఇబ్బంది, పైగా అసలు తప్పు అక్కడే ఉండిపోతుంది.

ఎయిర్ ఫిల్టర్ విషయంలో మాత్రం మెకానిక్‌తో కాస్త గట్టిగా మాట్లాడండి. చాలా స్కూటర్లలో వచ్చేది నూనె పట్టించిన కాగితం ఫిల్టర్. దానికి కంప్రెషర్‌తో గాలి కొడితే శుభ్రం కాదు, పాడవుతుంది. ఏనుమాముల మార్కెట్ వైపు పత్తి లారీల వెనక, కరీంనగర్ గ్రానైట్ క్వారీల రోడ్ల మీద రోజూ తిరిగే బండికి పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగకుండా ముందే మార్చాలి. ఫిల్టర్ లేకుండా నడిపి చూద్దామనే సలహా వింటే, మిశ్రమం పలచబడి కొత్త మిస్సింగ్ వస్తుంది, దుమ్ముకు బోరు (సిలిండర్ లోపలి గోడ) అరుగుతుంది.

ఇప్పుడు కార్బొరేటర్

ఇంతవరకు ఏదీ దొరక్కపోతేనే ఇక్కడికి. అప్పుడు కూడా విప్పే ముందు ఒక పని ఉంది. కార్బొరేటర్‌లో పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నె అడుగున డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. దాన్ని కొంచెం వదులు చేసి, కారే పెట్రోల్‌ను గాజు సీసాలో పట్టి కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున గుండ్రటి బిందువులు కదులుతుంటే నీళ్లు. ఎర్రటి పొడి ఉంటే ట్యాంక్ తుప్పు. రెండింట్లో ఏదున్నా కార్బొరేటర్ ఒక్కటే కడిగితే చాలదు, ట్యాంక్ ఖాళీ చేసి ఫిల్టర్ మార్చాలి. సీసాలో పట్టిన పెట్రోల్‌ను మోరీలో పారబోయకండి. దగ్గర్లో బీడీ, స్టవ్వు, దేవుడి దీపం ఏదీ ఉండకూడదు.

విప్పాల్సి వస్తే ముందు ఫోన్‌తో ప్రతి పైపునూ ఫోటో తీసుకోండి. ఏ పైపు ఎక్కడిదో గుర్తుంటుందని అనుకోకండి.

స్లోలో ఆగిపోతూ, రేస్ వదిలినప్పుడు పట్ పట్ అంటుంటే స్లో జెట్ (స్లోలో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం ముక్క) చూడాలి. దాని రంధ్రం వెంట్రుకంత. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే గుండ్రంగా వెలుగు కనిపించాలి. కాలేజీ సెలవులకు యూనివర్సిటీ హాస్టల్ దగ్గర నెల, రెండు నెలలు వదిలేసిన బండ్లలో పెట్రోల్ ఎండి జిగురై ఇక్కడే పేరుకుంటుంది. కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే, తర్వాత గాలి. పోకపోతే కరెంటు వైరులోని ఒక్క రాగి పోగుతో మెల్లగా తీయండి. సూది, పిన్నీసు పెడితే రంధ్రం పెద్దదైపోతుంది. అప్పుడు జెట్టే మార్చాలి.

మిక్చర్ స్క్రూ తీసే ముందు, అది లోపలికి మెల్లగా ఆనేదాకా ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రాసుకోండి. తిరిగి పెట్టేటప్పుడు అన్నే చుట్లు. అది మైలేజీ పెంచే స్క్రూ అనుకుని బిగించేవాళ్ల వల్లే సగం బండ్లు వాలులో పేలుతుంటాయి. మైలేజీ అయిదారు కిలోమీటర్లు పెంచుతానని స్క్రూ తిప్పే వాళ్ల చేతికి బండి ఇవ్వకండి.

ఫుల్ రేస్‌లో తడబడితే మెయిన్ జెట్, పెట్రోల్ ఫిల్టర్, పెట్రోల్ కాక్ (ట్యాంక్ నుంచి పెట్రోల్ వదిలే కుళాయి) చూడండి. కొన్ని బండ్లలో కాక్ ఇంజిన్ వ్యాక్యూమ్‌తో తెరుచుకుంటుంది. దాని డయాఫ్రమ్ చిరిగితే పెట్రోల్ వ్యాక్యూమ్ పైపు దారిన నేరుగా ఇంజిన్‌లోకి వెళ్తుంది. ఆ సన్న పైపు ఊడదీస్తే లోపల పెట్రోల్ తడి కనిపించకూడదు. కార్బొరేటర్ మీద నల్ల మూత కింద ఉండే పెద్ద రబ్బరు డయాఫ్రమ్‌ను కూడా వెలుతురుకు పట్టి చూడండి, సూది మొనంత చిల్లు చాలు పికప్ చంపడానికి. క్లీనర్ స్ప్రే ఆ రబ్బరుకు తగలనివ్వొద్దు, ఉబ్బిపోతుంది.

ఇంజెక్షన్ బండైతే

ఇక్కడ స్క్రూలు తిప్పే పని లేదు, వినే పనీ చూసే పనీ ఎక్కువ. తాళం ఆన్ చేయగానే పంపు రెండు సెకన్లు సన్నగా కూయాలి. కూయకపోతే ఫ్యూజు, పంపు కనెక్షన్. మీటర్‌లో ఇంజిన్ బొమ్మ దీపం వెలిగి కాసేపటికి ఆరిపోవాలి. అలా ఆరిపోకుండా మినుకుమినుకుమంటూ ఉంటే ఆ వెలుగులను లెక్కపెట్టండి. హోండా పద్ధతిలో పొడవు వెలుగు పది, పొట్టి వెలుగు ఒకటి. వీడియో తీసి మెకానిక్‌కు చూపిస్తే అతని పని సగం తగ్గుతుంది.

బ్యాటరీ ఈ బండ్లలో చాలా ముఖ్యం. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.4 వోల్టుల పైన, నడుస్తూ కొంచెం రేస్ ఇచ్చినప్పుడు 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. బ్యాటరీ టెర్మినల్ వదులైతే పంపు, ఇంజెక్టర్, నిప్పు మూడూ ఒక్కసారి తడబడి, అచ్చం పెట్రోల్‌లో నీళ్లు కలిసినట్టే అనిపిస్తుంది. తెల్లటి పొడి పట్టిన టెర్మినల్‌ను వేడి నీళ్లతో కడిగి, ఆరబెట్టి, బిగించండి.

దీపం ఏ తప్పూ చూపకుండా స్లోలో మాత్రమే ఆగుతుంటే థ్రాటల్ బాడీలో (రేస్ ఇస్తే ఇంజిన్‌కు గాలి దారి తెరిచే భాగంలో) కార్బన్ పేరుకుని ఉండొచ్చు. శుభ్రం చేయించండి గానీ, రంగు చుక్క పెట్టి ఉన్న స్క్రూను తిప్పనివ్వకండి. అది ఫ్యాక్టరీ సెట్టింగ్. ఇంజెక్టర్ పైపులో పెట్రోల్ సుమారు 3 బార్ ఒత్తిడితో ఉంటుంది. దాన్ని ఇంట్లో ఊడదీయొద్దు.

నీళ్లలోంచి వచ్చిన బండి

2023 జూలై ఆఖరి వారంలో హన్మకొండ కాలనీలు మునిగినప్పుడు ఎన్ని స్కూటర్లు నీళ్లలో నిలబడ్డాయో ఇక్కడివాళ్లకు గుర్తే. నయీంనగర్ నాలా పొంగినప్పుడల్లా ఎంతోకొంత ఇదే సీన్. ఫుట్‌బోర్డు పైదాకా నీళ్లు వచ్చిన బండికి సెల్ఫ్ గానీ కిక్ గానీ కొట్టొద్దు. సిలిండర్‌లో నీళ్లుంటే అవి నలగవు. కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు ప్లగ్గు తీసి, కిక్ మెల్లగా చేత్తో నొక్కి నీళ్లు బయటికి పంపాలి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి, తడిసిన ఫిల్టర్ పారేయాలి. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాల టీ రంగులో ఉంటే ఆయిల్ మార్చకుండా స్టార్ట్ చేయొద్దు.

మామూలు వానకే మిస్సయితే ఇంత కథ అక్కర్లేదు. ప్లగ్గు క్యాపు తీసి ఆరబెట్టండి, దాని రబ్బరు అంచు పగిలి ఉంటే మార్చండి.

ట్యాపెట్, కంప్రెషన్

ట్యాపెట్ చప్పుడు చేస్తే అందరికీ టెన్షన్. నిజానికి చప్పుడు చేయని ట్యాపెట్టే ఎక్కువ ప్రమాదం. నడిచే కొద్దీ వాల్వ్ తన సీటులోకి దిగి గ్యాప్ తగ్గుతుంది, వేడెక్కాక వాల్వ్ పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్ట్ వాల్వ్ అలా తెరిచి ఉంటే సైలెన్సర్‌లో, ఇన్‌లెట్ అలా ఉంటే ఎయిర్ ఫిల్టర్‌లో పేలుడు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడి మీద స్టార్ట్ కాక, కిక్ కొడితే మెత్తగా దిగిపోతుంటే ఇదే అనుమానించాలి. గ్యాప్ కొలవడం పూర్తిగా చల్లారిన ఇంజిన్ మీదే, పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వచ్చినప్పుడే. కొలత పుస్తకం ప్రకారమే. “వేడి మీదే సెట్ చేస్తా అన్నా, పది నిమిషాల పని” అంటే బండి అక్కడే పొద్దున్నదాకా ఉంచి రండి.

ట్యాపెట్ సరిచేశాకా కిక్ మెత్తగానే ఉంటే కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచేది) పెట్టించండి. ఆ కొలత చూడకుండా “బోర్ పని” చెప్పేవాళ్లకు అడ్వాన్స్ ఇవ్వొద్దు. మార్చిన పాత సామాన్లు మీకు తిరిగి ఇమ్మనండి.

చివరగా ఒక తికమక. బండి కదిలేటప్పుడు మాత్రమే గడగడ వణికి, వేగం అందుకున్నాక బాగుంటే అది మిస్సింగ్ కాకపోవచ్చు. క్లచ్ షూలు, బెల్టు వైపు చూడాలి. సెంటర్ స్టాండ్ మీద రేస్ ఇస్తే ఇంజిన్ శబ్దం నున్నగా ఉందంటే ప్లగ్గూ కార్బొరేటర్ల జోలికి పోనక్కర్లేదు.

టెస్ట్ రైడ్

గల్లీలో ఒక చక్కర్ కొడితే ఏమీ తెలియదు. వెనక ఒకరిని ఎక్కించుకుని ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కండి. ఎక్కేటప్పుడు బరువు మీద గుంజుతోందా, దిగేటప్పుడు రేస్ పూర్తిగా వదిలితే సైలెన్సర్ పేలుతోందా, కింద సిగ్నల్ దగ్గర స్లోలో నిలబడుతోందా అన్న మూడూ అక్కడే తేలతాయి. బాగా వేడెక్కేదాకా మడికొండ వైపు వెళ్లి రండి. తిరిగొచ్చి చల్లారాక ప్లగ్గు మళ్లీ విప్పి చూడండి. ఇటుక రంగులోకి తిరుగుతుంటే బిగించేసి, ఇక ఏ స్క్రూనూ ముట్టకండి. మళ్లీ నల్లగానో తెల్లగానో ఉంటే, మీరు ఇప్పటిదాకా ఏమేం మార్చారో కాగితం మీద రాసి, ఆ ప్లగ్గుతో సహా మెకానిక్ చేతిలో పెట్టండి.